పైకి జరిపేదా, లోపలికి వాల్చేదా?

న్యూయార్క్‌లోని పాత ఇంట్లో కిటికీ తెరవాలంటే కింది రెక్కను పైకి ఎత్తాలి. బెర్లిన్ ఇంట్లో అయితే పిడి తిప్పి రెక్కను లోపలికి లాగాలి. ఒకటి జారే కిటికీ, ఇంకొకటి బిగిసే కిటికీ. తేడాలన్నీ అక్కడే మొదలవుతాయి.

అమెరికా కిటికీ పుట్టింది అమెరికాలో కాదు. 17వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లో జారుడు రెక్కలకు మోజు పెరిగింది. 1690లలో హాంప్టన్ కోర్ట్ రాజభవనానికి ఇవే పెట్టించారు. తర్వాత వలస వెళ్లినవాళ్లతో అట్లాంటిక్ దాటాయి. ఫ్రెంచివాళ్లు దీన్ని ‘గిలటిన్ కిటికీ’ అంటారు. పేరు భయంకరమే కానీ పోలిక సరిగ్గా కుదిరింది.

ఆ రెక్క నిజంగానే మెడ మీద పడకుండా ఆపే ఏర్పాటు గోడలో దాగి ఉంటుంది. చట్రానికి రెండు పక్కలా బోలు పెట్టెలు, వాటిలో వేలాడే పోత ఇనుప కడ్డీలు. ఒక్కో కడ్డీకి కట్టిన తాడు పైనున్న చిన్న గిలక మీదుగా తిరిగి రెక్క అంచుకు చేరుతుంది. రెండు కడ్డీల బరువు కలిపితే దాదాపు రెక్క బరువంత. అందుకే రెక్కను ఎక్కడ వదిలితే అక్కడే ఆగుతుంది. నూతి గిలకతో నీళ్లు తోడినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. ఏళ్లు గడిచి తాడు చివికి తెగితే గోడలోపల ధడేల్‌మని చప్పుడవుతుంది. కడ్డీని బయటికి తీయడానికి చట్రంలోనే ఒక చెక్క మూత ఉంటుంది. తరాలుగా పూసిన రంగుల కింద అది ఎక్కడుందో వెతుక్కోవడమే అసలు పని. కొత్త కిటికీల్లో తాళ్లు పోయి స్ప్రింగులు వచ్చాయి.

పై రెక్కను కాస్త దించి, కింది రెక్కను కాస్త ఎత్తితే వేడిగాలి పైనుంచి పోతుంది, చల్లగాలి కిందినుంచి వస్తుంది. ఫ్యాను అక్కర్లేదు. విండో ఏసీ అమెరికాలో అంత తేలిగ్గా ఇల్లిల్లూ చేరడానికీ ఈ రెక్కే తోడ్పడింది: పైకెత్తి, డబ్బాను గట్టు మీద పెట్టి, మళ్లీ దించితే చాలు. గోడకు కన్నం కొట్టే పని లేదు.

అయితే జారాలంటే సందు ఉండాలి, సందుంటే చలి దూరుతుంది. ఆ బోలు పెట్టెలు కూడా చలికి దొడ్డిదారే.

బిగిసే కిటికీ కథ జర్మనీది. 1935లో స్టట్‌గార్ట్‌లో విల్‌హెల్మ్ ఫ్రాంక్ ఒకే రెక్కను రెండు తీర్లుగా తెరిచే అమరికను ఫ్యాక్టరీ సరుకుగా చేశాడు. పిడి కిందికి ఉంటే మూత. అడ్డంగా తిప్పితే రెక్క తలుపులా లోపలికి తెరుచుకుంటుంది. నిలువుగా పైకి తిప్పితే అడుగు కదలకుండా పైభాగం మాత్రం కొద్దిగా లోపలికి వాలుతుంది. చినుకులు పడుతున్నా గాలి వస్తుంది. మూసినప్పుడు రెక్క అంచుల్లోని గొళ్లేలు దాన్ని రబ్బరు పట్టీకి అదిమి పెడతాయి. గాలి చొరబడకుండా ఆపడంలో జారుడు కిటికీ దీని ముందు నిలవదు. బయట అద్దం తుడవడానికి నిచ్చెన కూడా వేయనక్కర్లేదు. కాకపోతే తెరిచిన ప్రతిసారీ గట్టు మీది పూలకుండీలు సర్దుకోవాలి.

తమాషా ఏమిటంటే, చలిని ఆపే రెండు అద్దాల పలకకు 1865లోనే పేటెంట్ తీసుకున్నది న్యూయార్క్ మనిషి, థామస్ స్టెట్సన్. దాన్ని ఇంటింటి అలవాటు చేసుకోవడంలో మాత్రం యూరప్ ముందుంది. ఇంకో సంగతి: అమెరికాలో విస్తృతంగా అమల్లో ఉన్న నివాస గృహ నిబంధనావళి ప్రకారం, మంటలప్పుడు తప్పించుకోవడానికి పడకగది కిటికీ తెరిస్తే సాధారణంగా 5.7 చదరపు అడుగుల ఖాళీ దొరకాలి. జారుడు కిటికీ తెరుచుకునేది సగమే కనుక దాన్ని పెద్దది చేయక తప్పదు.

చదువుకోవడానికి జర్మనీ వెళ్లిన తెలుగు కుర్రాళ్లలో కొందరిని మొదటి వారంలోనే ఈ కిటికీ హడలగొడుతుంది. రెక్క తెరిచి ఉండగానే పిడిని పైకి తిప్పితే, పై మూల చట్రాన్ని వదిలేసి, బరువైన అద్దం వంకరగా వేలాడుతుంది. విరిగిందనుకుని కంగారు పడతారు. కింది మూల బందు, పైనున్న ఇనుప చేయి దాన్ని పట్టుకునే ఉంటాయి. ఆ పై మూలను చట్రానికి ఆనించి నొక్కి, పిడిని మళ్లీ అడ్డంగా తిప్పి మూస్తే యథాస్థానానికి వస్తుంది.