ఎద్దుకు బొట్టు పెడతాం, మరి ఇంటి మనిషికో?



పొద్దున్నే ఇల్లు ఎట్లుంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. కొళాయికి నీళ్లొచ్చే వేళకే పొయ్యి మీద పాలు పొంగుతాయి. పిల్లోడి చొక్కాకు గుండీ ఊడి ఉంటుంది. పాప పుస్తకం కనబడలేదని ఏడుస్తుంది. అత్తకు కాఫీ ఆలస్యమవుతుంది. ఇంటాయన తువ్వాలు ఎక్కడని అరుస్తాడు. ఇంతలో కూలికి పోయేవాళ్లు వాకిట్లో నుంచి పిలుస్తారు. మన పామిడిలో అయితే చాలా ఇళ్లలో కుట్టు మిషను కూడా ఉంటుంది. సాయంత్రానికి ఇన్ని నైటీలు కుట్టి ఇయ్యాలని లెక్క ఉంటుంది.

ఇంత గందరగోళంలో "కృతజ్ఞత" అనే పెద్ద మాట చెబితే నవ్వొస్తుంది. "అన్నం తినేదానికే తీరిక లేదు. ఇంక ఎవరికి చెప్పేది కృతజ్ఞత?" అంటారు. నిజమే. అయినా ఆ మాట ఏమిటో ఒకసారి చూద్దాం.

కృతజ్ఞత అంటే ఏమిటి?

ఈ మాటలో రెండు ముక్కలున్నాయి. "కృత" అంటే చేసినది. "జ్ఞత" అంటే తెలిసి ఉండటం. ఎవరు మనకు ఏం మేలు చేశారో తెలిసి ఉండటమే కృతజ్ఞత. చేసిన మేలు మరిచినవాళ్లను మనం "విశ్వాసం లేని మనిషి" అంటాం. మాట కొత్తగా అనిపించినా సంగతి పాతదే.

మన పండుగల్లో కూడా ఇది ఉంది. జ్యేష్ఠ మాసంలో ఏరువాక పున్నమి వస్తుంది. ఆ రోజు ఎద్దులను కడుగుతారు. కొమ్ములకు రంగులు పూస్తారు. బొట్టు పెట్టి కడుపునిండా తినిపిస్తారు. దసరాకు ఆయుధ పూజ చేస్తాం. కొడవలికి, నాగలికి, కుట్టు మిషనుకు పసుపు, కుంకుమ పెడతాం. ఏడాదంతా మాకు కూడు పెట్టిందని దండం పెడతాం.

మరి ఆ మిషను తొక్కిన మనిషికో? ఆ ఎద్దుకు గడ్డి వేసిన మనిషికో? పెన్న ఒడ్డున భోగేశ్వరస్వామి గుడికి పోయి, మమ్మల్ని చల్లగా చూడు స్వామీ అని మొక్కుతాం. ఇంట్లో రోజూ మనల్ని చూసుకునేవాళ్లకు ఒక్క మంచి మాటన్నా చెబుతున్నామా?

ఇంటి పని ఎందుకు కనబడదు?

రోజూ జరిగే పని కంటికి ఆనదు. జరగని రోజే కనబడుతుంది. బిందెలో నీళ్లుంటే ఎవరు పట్టారని ఎవరూ అడగరు. నీళ్లు లేని రోజు మాత్రం "ఎందుకు పట్టలేదు?" అని అందరూ అడుగుతారు. సంగటి బాగుంటే తిని లేస్తారు. ఉండలు కడితే మాటొస్తుంది.

ఆడవాళ్ల పనికి ఇది మరీ ఎక్కువ. 2019లో ప్రభుత్వం దేశమంతా ఒక లెక్క తీసింది. ఎవరి రోజు ఎట్లా గడుస్తుందో అడిగి రాసుకున్నారు. వంట, అంట్లు, బట్టలు, ఊడ్పు వంటి ఇంటి పని చేసే ఆడవాళ్లకు ఆ పనికే రోజుకు 299 నిమిషాలు పడుతోందని తేలింది. అంటే ఐదు గంటలకు ఒక్క నిమిషం తక్కువ. ఇంటి పని చేసే మగవాళ్లకు 97 నిమిషాలు. అసలు ఇంటి పనిలో చెయ్యి పెట్టే మగవాళ్లే నూటికి 26 మంది. ఈ ఐదు గంటలకు కూలి లేదు. కనీసం మాటన్నా ఉండాలి కదా!

మగవాళ్ల కష్టం కూడా ఒక్కోసారి కనబడదు. మన అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడుతుంది. అదీ అదనుకు పడదు. చెనక్కాయ వేసిన రైతు మొగులు వైపు చూస్తా ఉంటాడు. అప్పు సంగతి ఇంట్లో చెప్పడు. లోపల్లోపలే కుమిలిపోతాడు. "ఈసారి విత్తనానికి ఎంత తిప్పలు పడినావో నాకు తెలుసు" అని మీరంటే ఆ బరువు కొంత దిగుతుంది.

దీంతో లాభమేమిటి?

అమెరికాలో ఎమ్మన్స్, మెకల్లో అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. ఆ ఫలితాలు 2003లో అచ్చయ్యాయి. కాలేజీలో చదివేవాళ్లలో కొందరిని వారానికి ఒకసారి తమకు జరిగిన మేలు రాయమన్నారు. ఇంకొందరిని చిరాకు పెట్టిన సంగతులు రాయమన్నారు. ఇట్లా పది వారాలు జరిగింది. మేలు రాసినవాళ్ల మనసు మిగతావాళ్ల కంటే తేలికగా ఉంది. ఒంటి బాధలు కూడా తక్కువ చెప్పారు.

ఎందుకట్లా? కాలికి ముల్లు గుచ్చుకుంటే మనసంతా ఆ ముల్లు దగ్గరే ఉంటుంది. రెండో కాలు బాగుందని గుర్తుండదు. రాసేదానికి కూర్చుంటే బాగున్న కాలు కూడా గుర్తొస్తుంది.

ఓర్చుకోవడం వేరు

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. "కూడు పెడుతున్నాడు కదా, కొట్టినా పడాల" అని కొందరంటారు. అది కృతజ్ఞత కాదు. భార్యను కొట్టడం నేరం. ఇంట్లో జరిగే హింస నుంచి ఆడవాళ్లను కాపాడేదానికి 2005లో చట్టం వచ్చింది. 181 నంబరుకు ఫోను చేస్తే సాయం దొరుకుతుంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగారు. వాళ్లు కూడా మీలాగే పెద్దయ్యాక అక్షరాలు దిద్దినవాళ్లు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు. మేలును మేలని చెప్పే నోరు, కీడును కీడని కూడా చెప్పాలి.

మనం ఏం చేయొచ్చు?

ఒకటి. చేసిన పనిని విడమరిచి చెప్పండి. "మంచిదానివే" అంటే సరిపోదు. "కోడలా, నాకు జ్వరమొస్తే రాత్రంతా లేచి నీళ్లిచ్చినావు" అనండి. తన పని మీ కంట్లో పడిందని అప్పుడు తెలుస్తుంది. ఇంట్లోవాళ్లకు "థాంక్స్" చెప్పాలంటే సిగ్గేస్తుందా? ఆ మాట అక్కర్లేదు. "నువ్వు నీళ్లు పట్టబట్టి నేను పొద్దున్నే మిషను మీద కూర్చున్నా" అంటే చాలు.

రెండు. పని పంచుకోండి. ఏరువాక నాడు ఎద్దుకు బొట్టు పెట్టి ఊరుకోం, తిండి కూడా పెడతాం. అట్లే రోజూ అంట్లు తోమే మనిషికి ఒక పూట విశ్రాంతి ఇవ్వండి. ఆ పూట కొడుకును తోమమనండి. నేర్చుకుంటాడు.

మూడు. పిల్లల పనిని చూడండి. తమ్ముణ్ణి ఆడించే పాప కూడా మీ పనిలో సగం మోస్తోంది. ఆ మాట దానితో చెప్పండి. దాని చదువు, ఆట పోకుండా చూడండి.

నాలుగు. రాయండి. మీకిప్పుడు అక్షరాలు వచ్చాయి. రాత్రి పడుకునే ముందు నోటు పుస్తకంలో మూడు వాక్యాలు రాయండి. ఇట్లా:

పక్కింటి వదిన చింతపండు ఇచ్చింది.
మా పిల్లోడు చెప్పకుండానే నీళ్లు పట్టినాడు.
నేను ఈ రోజు ఆరు నైటీలు కుట్టినాను.

మూడో వాక్యం ఎప్పుడూ మీ గురించే ఉండాలి. మీ పనిని ముందు మీరే చూడాలి. ఒక ఒత్తు మరిచినా ఫరవాలేదు. ఏమీ తోచని రోజు ఒక్క వాక్యం రాసినా చాలు.

వారం తిరిగాక ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఆ పుస్తకం చదివి వినిపించండి. వాళ్ల పేరు వచ్చిన చోట కొంచెం ఆగండి. వాళ్ల మొహం చూసి, తర్వాత చదవండి.