ఇల్లు చేతులు మారిన ఏడాది కందాయం ఎవరు కట్టాలి?

లక్షల దగ్గర సులువుగా తెగిన ఇంటి బేరం, చివరికి నాలుగు వేల కందాయం దగ్గర చిక్కుపడటం మన ఆనేకల్‌లో మేము చూస్తూనే ఉన్నాం. ఇరువైపులా మనవాళ్లే అయితే మరీ కష్టం. మొహమాటపడి ముందు అడగరు, ఆ తర్వాత పెళ్లిళ్లలో ఎదురుపడినా పలకరించుకోరు.

పురసభ కందాయం ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా ఒక ఏడాది లెక్క. ఏప్రిల్ నెలలోనే మొత్తం కడితే 5 శాతం తగ్గింపు ఉంది. మన పెద్దవాళ్లు చాలామంది అలాగే కట్టేస్తారు. ఆ ఇల్లు అక్టోబరులో అమ్మితే, మిగిలిన ఆరు నెలల డబ్బు కొన్నవారి తరఫున కట్టినట్టే కదా!

1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షన్ ప్రకారం, అమ్మకం తేదీ వరకు బాకీపడిన పన్నులు అమ్మినవారివి, హక్కు మారాక కట్టవలసి వచ్చేవి కొన్నవారివి. ఇద్దరూ వేరే విధంగా ఒప్పుకుంటే ఆ ఒప్పందమే చెల్లుతుంది. అయితే ముందే కట్టిన పన్నును రోజుల చొప్పున పంచమని ఆ సెక్షన్‌లో లేదు. కాబట్టి అగ్రిమెంటులో రాసుకోవలసిందే.

లెక్క ఇలా వేయండి. సెస్సులతో కలిపి ఏడాది కందాయం 7,300 రూపాయలు అనుకుందాం. 5 శాతం పోగా కట్టింది 6,935, అంటే రోజుకు 19 రూపాయలు. అక్టోబరు 1న రిజిస్ట్రేషన్ అయితే అమ్మినవారికి 183 రోజులు, కొన్నవారికి 182. కొన్నవారు తిరిగి ఇవ్వవలసింది 3,458 రూపాయలు. కొందరు పూర్తి 7,300 మీద లెక్క కట్టమంటారు. చేతినుంచి పోయిన డబ్బు మీద లెక్కే న్యాయమని మా అభిప్రాయం. రిజిస్ట్రేషన్ రోజు ఎవరిదన్నది కూడా ముందే అనుకోండి. ఇక్కడ కొన్నవారి ఖాతాలో వేశాం.

టెక్సస్‌లో ఉన్న మన పిల్లలకు ఇది తిరగబడి ఉంటుంది. అక్కడ ఆ ఏడాది పన్ను కట్టడానికి మరుసటి జనవరి 31 దాకా గడువు. అందుకే మధ్యలో అమ్మినవారు తమ రోజుల వాటాను కొన్నవారికే ధరలో తగ్గించి ఇస్తారు. ఆ లెక్క టైటిల్ కంపెనీయే వేసి కాగితం చేతికిస్తుంది. ఇక్కడ ఆ పని మనమే చేసుకోవాలి.

అసలు భయపడవలసింది పాత బాకీలకు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి, కందాయం బాకీ కనిపించదు. ఈసీ శుభ్రంగా ఉందని నిశ్చింతగా కొంటే, ఖాతా మార్పుకు వెళ్లినప్పుడు కిటికీ దగ్గర వడ్డీతో సహా పాత లెక్క బయటపడవచ్చు. బాకీ సంగతి తెలియకుండా కొన్నవారి ఆస్తి మీదికి ఆ బాకీ రాదని 1971లో అహ్మదాబాద్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. కానీ కొన్ని వేల కోసం కోర్టుకు ఎవరు తిరుగుతారు? పైగా విచారించకుండా కొన్నవారిని తెలియనివారిగా కోర్టు ఒప్పుకుంటుందన్న నమ్మకమూ లేదు.

అందువల్ల అడ్వాన్సు ఇచ్చే ముందే ఆస్తి సంఖ్య చెప్పి, పురసభలోనో గ్రామ పంచాయతీలోనో బాకీ ఎంతుందో కనుక్కోండి. క్రయపత్రంలో ‘రిజిస్ట్రేషన్ తేదీకి ముందు కాలానికి ఎప్పుడు ఏ కందాయం బయటపడినా, వడ్డీతో సహా అమ్మినవారే భరించాలి’ అన్న ఒక్క వాక్యం చేర్పించండి. పాత రశీదులు జిరాక్సులు కాదు, అసలువే అడిగి తీసుకోండి.