ముక్కుకు పావుకిలో పట్టు

ఒక్క ఊపిరితో లోతుకు దిగే ఫ్రీడైవింగ్ నేర్చుకునేవాళ్లు మొదట కొనేది మాస్క్. కొన్నాళ్లు పోయాక నోస్‌క్లిప్ మీదికి మనసు పోతుంది. వందల్లో ఒకటి దొరుకుతుంది, వేలల్లో ఒకటి దొరుకుతుంది. ఏది తీసుకోవాలో, అసలు తీసుకోవాలో వద్దో తేల్చుకోవాలంటే ముందు చిన్న లెక్క వెయ్యాలి.

సముద్రంలో దిగే ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణం చొప్పున పీడనం పెరుగుతుంది. నీటిపైన 1, పది మీటర్ల దగ్గర 2, ముప్ఫై దగ్గర 4. అదే లెక్కన గాలి కుంచించుకుపోతుంది. మాస్క్‌లో గాలికీ ఇదే గతి. దాన్ని అలా వదిలేస్తే మాస్క్ ముఖాన్ని లోపలికి పీల్చేసి, కళ్లలో సన్నటి రక్తనాళాలు చిట్లుతాయి. అందుకని దిగుతున్నంతసేపూ ముక్కుతో మాస్క్‌లోకి కాస్త కాస్త గాలి వదులుతుండాలి. అదెక్కడిది? పైన పీల్చుకున్న ఆ ఒక్క ఊపిరిలోదే.

మాస్క్ లోపల 100 మిల్లీలీటర్ల చోటు, ఊపిరితిత్తుల్లో 6 లీటర్ల గాలి ఉన్నాయనుకుందాం. 30 మీటర్లు చేరేసరికి పైనుంచి తెచ్చుకున్న దాంట్లో 300 మిల్లీలీటర్లు మాస్క్‌కే చెల్లిపోతాయి. అంటే నూటికి 5. అదే 60 మీటర్లకు 600, నూటికి 10. న్యూజిలాండ్‌కు చెందిన విలియం ట్రూబ్రిడ్జ్ 2016లో బహామాస్‌లోని డీన్స్ బ్లూ హోల్‌లో ఫిన్లు లేకుండా 102 మీటర్లు దిగాడు. ఆ లోతుకు ఇలాంటి మాస్క్ పెట్టుకుని వెళ్తే దానికే లీటరు పైచిలుకు ధారపోయాలి. అక్కడ 6 లీటర్ల గాలి మొత్తం అర లీటరు చిల్లరకు దిగిపోతుంది!

శాతాల కంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. ఎంత గట్టిగా వదిలినా ఊపిరితిత్తుల్లో సుమారు లీటరున్నర గాలి మిగిలే ఉంటుంది. 30 మీటర్ల దగ్గర 6 లీటర్లు సరిగ్గా అంతకే వస్తాయి. ఆ కింద ఛాతీలోంచి నోట్లోకి గాలి తెచ్చుకోవడమే గగనం. అలాంటి చోట చెవుల్లో పీడనం సరిచేసుకోవడానికి వాడాల్సిన గాలిని మాస్క్‌కు పంచడం ఎవరికీ ఇష్టముండదు. మాస్క్ బదులు క్లిప్ పెట్టుకుంటే ఆ పంపకం ఉండదు. చెవులు సరిచేసుకోవాల్సిన ప్రతిసారీ ముక్కు పట్టుకునే పనీ తప్పుతుంది, రెండు చేతులూ ఖాళీ.

అయితే 20 మీటర్లలోపు తిరిగేవాళ్లకు క్లిప్ అనవసరమని నా అభిప్రాయం. అక్కడ ఆదా అయ్యేది 200 మిల్లీలీటర్లు. దానికోసం చూపు వదులుకోవడం దండగ బేరం. మాస్క్ లేకపోతే నీళ్లలో దారి చూపే తాడు కూడా మసకే. పూల్‌లో ఊపిరి బిగబట్టే సాధన సంగతి వేరు. నుదుటికి, కళ్ల చుట్టూ చల్లటి నీళ్లు తగిలితే గుండె వేగం తగ్గుతుంది. మామూలు మనిషిలో ఈ తగ్గుదల నూటికి 10 నుంచి 25 దాకా ఉంటుంది. మాస్క్ కప్పేసేది సరిగ్గా ఆ చోటునే. క్లిప్ దాన్ని వదిలేస్తుంది.

ఇక బిగుతు. లోతు పెరిగేకొద్దీ క్లిప్ ఇంకా గట్టిగా పట్టాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. ముక్కు లోపలా బయటా సముద్రం నొక్కుడు ఒకటే, క్లిప్ ఆపాల్సింది తేడాని మాత్రమే. ఆ తేడా తెచ్చేది మనమే. రెండో ప్రపంచయుద్ధంలో పైలట్లకు జర్మన్ వైద్యుడు హెర్మన్ ఫ్రెంజెల్ నేర్పిన పద్ధతిలో గొంతు మూసి, నాలుకతో గాలిని వెనక్కి నెడతాం. అది చెవిగొట్టంలోకి ఎక్కుతుంది. చెవులు సరిచేయకుండా సుమారు 1.2 మీటర్లు దిగితే చెవి లోపలికీ బయటికీ తేడా 90 మిల్లీమీటర్ల పాదరసానికి చేరి, గొట్టం బిగుసుకుపోవచ్చు. తర్వాత ఎంత నెట్టినా తెరుచుకోదు. కాబట్టి 90ని పై హద్దుగా పెట్టుకుందాం. చదరపు సెంటీమీటరుకు దాదాపు 120 గ్రాములు. ముక్కు రెక్క ఒక్కోవైపు 2 చదరపు సెంటీమీటర్లనుకుంటే 240 గ్రాములు, పావుకిలో. పద్ధతిగా చెవులు సరిచేసుకునేవాళ్లకు ఇందులో సగమైనా పట్టదు. 5 మీటర్ల దగ్గర నిలిచిన క్లిప్ 50 దగ్గరా నిలుస్తుంది.

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. క్లిప్‌ను ముక్కు ఎముక దిగిన చోట, మెత్తటి భాగం మీద పెట్టి, నోరు మూసి మెల్లగా ముక్కులోకి ఊదండి. బుస్సుమంటే పట్టు చాలదు. ముఖం తడిచేసుకుని మళ్లీ ఊదండి, తేడా అక్కడ తెలుస్తుంది. కొబ్బరినూనె, సన్‌స్క్రీన్ రాసుకున్న ముక్కు మీద ఎంత ఖరీదైన క్లిప్ అయినా జారుతుంది. ముందు సబ్బుతో కడుక్కోండి. తర్వాత 5 నిమిషాలు అలాగే కూర్చోండి. నొప్పి మీదికే ధ్యాస పోతుంటే అది మీకు కుదరదు. ఈతగాళ్లు వాడే చవక క్లిప్పులు నీళ్లు పోకుండా ఆపుతాయి గానీ లోపలినుంచి తోస్తే చాలావరకు ఊడిపోతాయి. వేలల్లో పెట్టి కార్బన్‌దో స్టీలుదో కొన్నప్పుడు చూడాల్సింది బిగుతు మార్చుకునే వీలు, మెత్తలు.

ముక్కుపుడక ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. మెత్త సరిగ్గా పుడక మీదే కూర్చుంటుంది. లోపలి మర గుచ్చుకుంటుంది, పక్కనుంచి గాలి కారుతుంది. తీసేయాలి, లేదా మెత్త దానికి పైన ఆనే క్లిప్ వెతుక్కోవాలి.

ఈ పరికరం కొత్తదేం కాదు. హైదరాబాద్ వర్తకులు బస్రా ముత్యాలన్న పేరుతో అమ్మిన ముత్యాల్ని ఏరిన గల్ఫ్ డైవర్లు తాబేటి చిప్పతోనో కొమ్ముతోనో చేసిన క్లిప్ ముక్కుకు తగిలించుకుని, కాలికి రాయి కట్టుకుని దిగేవాళ్లు.

క్లిప్‌కు జతగా మామూలు ఈత కళ్లద్దాలు పెట్టుకుని లోతుకు పోవద్దు. వాటిలోకి గాలి పంపే దారే లేదు. లోతుకు వెళ్లేవాళ్లు లోపల నీళ్లు నింపుకునే కళ్లద్దాలు వాడేది అందుకే. చెవులకు ప్లగ్గులు అసలే వద్దు. జలుబు చేస్తే ఆ రోజు నీళ్లలోకి దిగనే వద్దు. శిక్షణ పొందిన తోడు లేకుండా పూల్‌లో కూడా ఊపిరి బిగబట్టొద్దు. స్పృహ తప్పడానికి లోతుతో పనిలేదు.

అంతర్జాతీయ ఫ్రీడైవింగ్ సంస్థ ఐడా పోటీల్లో పైకి తేలాక 15 సెకన్లు ఇస్తారు. ముందు ముఖం మీద ఉన్నవన్నీ తీసేయాలి, క్లిప్‌తో సహా. తర్వాత చేత్తో సంజ్ఞ, ఆ తర్వాత బాగున్నానన్న మాట. వరుస తప్పితే డైవ్ చెల్లదు. ఆక్సిజన్ అడుగంటిన ఆ క్షణంలో వేళ్లు చెప్పినట్టు వినవు. అందుకే కొనేటప్పుడే కళ్లు మూసుకుని, తడిచేత్తో, గ్లవ్స్ వేసుకునే అలవాటుంటే వాటితోనూ ఒక్క లాగుడుకు వస్తుందో లేదో చూడండి. మెడలో సన్నటి ఎలాస్టిక్ తాడుకు కట్టుకోండి, లేకపోతే తీసిన క్లిప్ అక్కడే మునిగిపోతుంది.