వకీలు తయారయ్యే మూడేళ్ళకు అన్నం పెట్టేదెవరు?

చిక్కడపల్లి: నగర కేంద్ర గ్రంథాలయం తలుపులు తీయకముందే గేటు దగ్గర కుర్రకారు చేరుతుంది. భుజాన సంచి, చేతిలో నోటుపుస్తకాలు. నాలుగడుగులు వేస్తే అశోక్‌నగర్. అక్కడ ఎటు చూసినా కోచింగు సెంటర్లు, హాస్టళ్ళు, జిరాక్సు షాపులు, టిఫిన్ బండ్లు. పాలమూరు, నల్లగొండ, వరంగల్లు, ఆదిలాబాదు పల్లెల నుంచి వచ్చిన పిల్లలు చిన్న గదుల్లో సర్దుకుని సర్కారు కొలువు కోసం చదువుతుంటారు.

వీరిలో లా డిగ్రీ చేతికొచ్చినవారూ ఉన్నారు. నల్లకోటు కుట్టించుకుని, బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకుని, కొన్నాళ్ళు కోర్టు మెట్లెక్కి, చివరికి గ్రూప్స్ పుస్తకం పట్టినవారు. చదువు రాక కాదు, నోరు లేక కాదు. సీనియరు దగ్గర జూనియరుగా గడపవలసిన మూడు నాలుగేళ్ళు గది అద్దెకు, మెస్సు బిల్లుకు దారిలేక.

ఇది పట్నంలో ఉన్న పిల్లల బాధ, మనకేమని పల్లెవాళ్ళు అనుకోవచ్చు. కాని గట్టు తగాదాలోనో, జాతరనాటి కొట్లాటలోనో పేరు ఇరుక్కుని, ఇంటి మనిషిని ఠాణాకు తీసుకుపోయిన రోజున కావలసింది ఇలాంటి వకీలే. ఆ రోజున మంచి వకీలు దొరకకపోతే బర్రెను అమ్ముతారు, తరువాత ఎకరం అమ్ముతారు. అమ్మడానికి ఏమీ లేనివాడు జైలులో ఉండిపోతాడు.

దేశంలోని జైళ్ళలో 2022 చివరికి 5,73,220 మంది ఉన్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. వారిలో 4,34,302 మందికి ఇంకా శిక్ష పడలేదు. విచారణ పూర్తి కాకుండానే లోపల ఉన్నవారు. అంటే నలుగురిలో ముగ్గురు.

పుస్తకంతో వచ్చే విద్య కాదు

ముద్దాయి తరఫున నిలబడడం లా కాలేజీ క్లాసులో పూర్తిగా అబ్బే పని కాదు. ఎఫ్.ఐ.ఆర్. ఎన్ని గంటలకు రాశారు, కోర్టుకు ఎప్పుడు చేరింది? పంచనామా మీద సంతకం చేసినవాడు నిజంగా అక్కడ ఉన్నాడా? సాక్షి చెప్పిన దెబ్బకూ డాక్టరు రాసిన గాయానికీ పొత్తు కుదురుతుందా? ఇవన్నీ చూసి సాక్షిని అడగవలసిన ప్రశ్న అడగాలి, అడగకూడనిది మానాలి. ఒక్క తప్పు ప్రశ్నతో మనిషి పదేళ్ళు లోపలికి పోవచ్చు. సీనియరు పక్కన నిలబడి, వాయిదా వాయిదాకు తిరిగితేనే ఆ విద్య వస్తుంది.

ఆ తిరిగే కాలానికి చాలాచోట్ల జీతం లేదు. దారిఖర్చులిస్తే అదే గొప్ప. తండ్రి ప్లీడరైతే కొడుకు తట్టుకుంటాడు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివినవాడు తట్టుకోలేడు. భూముల దస్తావేజుల పనికో, కంపెనీ ఉద్యోగానికో, లేదంటే అశోక్‌నగర్ గదికో మళ్ళుతాడు. బీదవాడి బాధ బాగా తెలిసినవాడే బీదవాడి కేసుకు దూరమవుతున్నాడు.

నారాయణగూడ చెప్పే పాత సంగతి

చిక్కడపల్లి దాటితే నారాయణగూడ. ఇక్కడి విద్యాసంస్థలు వకీళ్ళను గుర్తుచేస్తాయి. వకీలుగా పనిచేసి నిజాం హైకోర్టు న్యాయమూర్తి అయిన కేశవరావు కోరట్కర్ జ్ఞాపకార్థం 1940లో కేశవ్ మెమోరియల్ విద్యాసంస్థ వెలిసింది. న్యాయవాదిగా ఉంటూ ఆంధ్రోద్యమాన్ని నడిపిన మాడపాటి హనుమంతరావు 1928లో ప్రారంభించిన బాలికల పాఠశాల నేటికీ ఆయన పేరుతో ఉంది. ఇక్కడి రెడ్డి మహిళా కళాశాల మోసే పేరు కొత్వాలు రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డిది. పల్లెల నుంచి వచ్చే విద్యార్థుల కోసం 1918లో నగరంలో రెడ్డి హాస్టలు వెలియడానికి పూనుకున్నది ఆయనే.

ఆ పెద్దలకు ఒక సంగతి తెలుసు. పల్లె బిడ్డకు తెలివి ఉంటే చాలదు, పట్నంలో తలదాచుకునే చోటు, రెండు పూటల అన్నం కావాలి. అందుకే హాస్టళ్ళు వచ్చాయి, స్కాలర్‌షిప్పులు వచ్చాయి. అయితే ఆ సాయం డిగ్రీ చేతికి రావడంతో ఆగిపోతుంది. వకీలుకు అసలు చదువు మొదలయ్యేది అక్కడి నుంచే.

తెలంగాణ ఉరికేసుల పాఠం

వకీలు లేకపోతే ఏమవుతుందో తెలంగాణకు తెలిసినంత మరెవరికీ తెలియదు. సాయుధ పోరాట కాలపు కేసుల్లో నల్లగొండలో ప్రత్యేక ట్రిబ్యునల్ 1949లో పలువురికి ఉరిశిక్షలు వేసింది. కేసు సుప్రీంకోర్టుకు పోయింది. ముద్దాయిల తరఫున వాదించడానికి ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ అనే ప్రసిద్ధ బారిస్టరు వచ్చారు. విచారణలో తమకు వకీలును పెట్టుకునే అవకాశం దక్కలేదన్నది వారి వాదనల్లో ఒకటి. వకీలు లేనంత మాత్రాన ప్రతి ఉరికేసూ చెల్లకుండా పోదని 1951లో కోర్టు తీర్పు చెప్పింది. ఉరిశిక్షలు ఆ తరువాత యావజ్జీవంగా మారాయి.

అమెరికాలో గిడియన్ అనే బీదవాడి కథ కూడా ఇలాంటిదే. దొంగతనం కేసులో వకీలు కావాలని అడిగితే కోర్టు ఇవ్వలేదు. తన కేసు తానే వాదించుకుని అయిదేళ్ళ శిక్ష తెచ్చుకున్నాడు. జైలు నుంచి పెన్సిలుతో అర్జీ రాసుకున్నాడు. బీదవాడికి సర్కారే వకీలును ఇవ్వాలని 1963లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. మళ్ళీ విచారణ జరిగింది. ఈసారి పక్కన వకీలు ఉన్నాడు. నిర్దోషిగా బయటికి వచ్చాడు.

మన దేశంలోనూ చట్టం మారింది. 1976లో రాజ్యాంగంలో చేరిన 39ఎ అధికరణం ఉచిత న్యాయసహాయం ప్రభుత్వ బాధ్యత అంది. 1979లో బీహారు ఖైదీల కేసులో అది బీదవాడి హక్కు అని సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు లేదని ప్రభుత్వం తప్పించుకోజాలదని, మొదటిసారి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టిన నాటి నుంచే వకీలును ఇవ్వాలని 1981లో చెప్పింది. ముద్దాయి అడగకపోయినా ఆ హక్కు పోదని 1986లో తేల్చింది.

పేరుకు వకీలు ఉంటే చాలదు

మధ్యప్రదేశ్‌లో ఒక కేసులో ముద్దాయికి సర్కారు వకీలును ఇచ్చిన రోజే అభియోగాలు మోపారు. కాగితాలు చదువుకునే వ్యవధి కూడా లేదు. రెండు వారాల లోపే విచారణ ముగిసి ఉరిశిక్ష పడింది. 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసి మళ్ళీ విచారించమంది. ఉరి, యావజ్జీవం పడగల కేసుల్లో ఉచిత సహాయంగా ఇచ్చే వకీలుకు కనీసం పదేళ్ళ అనుభవం ఉండాలని, సిద్ధం కావడానికి సాధారణంగా ఏడు రోజులు తగ్గకుండా గడువివ్వాలని ఆదేశించింది.

ఇప్పుడు అసలు చిక్కు ఇక్కడే. మొదటి మూడేళ్ళలోనే పిల్లలు మానేస్తే పదేళ్ళ అనుభవం ఉన్న వకీలు ఎక్కడి నుంచి వస్తాడు?

నెలజీతం మీద వకీళ్ళు

ఈ లోటు పూడ్చడానికి జాతీయ న్యాయసేవాధికార సంస్థ 2022లో ఒక పథకాన్ని విస్తరించింది. జిల్లా కేంద్రంలో ముద్దాయిల పక్షాన నెలజీతం మీద పనిచేసే వకీళ్ళ ఆఫీసు అది. పదేళ్ళ అనుభవం ఉన్న చీఫ్, ఏడేళ్ళ డిప్యూటీ, వారి కింద మూడేళ్ళలోపు అనుభవం ఉన్న అసిస్టెంట్లు ఉంటారు. వీరు ప్రైవేటు కేసులు పట్టరాదు. 2023–24 నుంచి 2025–26 వరకు మూడేళ్ళకు కేంద్రం 998.43 కోట్ల రూపాయలు కేటాయించింది. కొత్త వకీలు జీతం తీసుకుంటూ పెద్దవారి పక్కన పని నేర్చుకునే దారి ఇది. అయితే ఒక్కో ఆఫీసులో కుర్చీలు కొన్నే.

యూనివర్సిటీలూ ముందుకొచ్చాయి. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో మొదలైన ఒక కార్యక్రమం కింద మహారాష్ట్రలోని ఎరవాడ, నాగపూర్ జైళ్ళలో యువ వకీళ్ళకు ఫెలోషిప్పులిచ్చి, శిక్షణనిచ్చి ఖైదీల కేసులు చేయించారు.

తెలంగాణ, ఆంధ్ర రాష్ట్రాల్లో ఎస్.సి., బి.సి. లా పట్టభద్రులను ప్రభుత్వ న్యాయవాదుల వద్దనో సీనియర్ల వద్దనో శిక్షణకు పెట్టి స్టైపెండు ఇచ్చే పథకం చాలాకాలంగా ఉంది. సంక్షేమ శాఖలు జిల్లాలవారీగా దరఖాస్తులు కోరుతుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరు 3న మొదలైన లా నేస్తం పథకం జూనియర్లకు నెలకు 5,000 రూపాయలు ఇచ్చింది. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, పల్లెప్రాంతాల్లో 15,000 ఇవ్వాలని సూచించింది. అది సూచన మాత్రమే, శాసనం కాదు. పేరు నమోదు రుసుము మాత్రం తగ్గింది. జనరల్‌కు 750, ఎస్.సి., ఎస్.టి.లకు 125 రూపాయలకు మించి తీసుకోరాదని 2024 జులై 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

పల్లెవాసులు గుర్తుంచుకోవలసింది

కస్టడీలో ఉన్న ఎవరికైనా, మహిళలకు, పిల్లలకు, ఎస్.సి., ఎస్.టి.లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత వకీలు దొరుకుతాడు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు తెల్లకాగితం మీద అర్జీ ఇవ్వవచ్చు. రాయడం రాకపోతే అక్కడివారే రాసుకుంటారు. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. మేజిస్ట్రేటు ముందు నిలబెట్టినప్పుడు వకీలు కావాలని నోరు తెరిచి అడగాలి. ఉచితమంటే చులకన అనుకుని బర్రెను అమ్మనక్కరలేదు.

లెక్క చూస్తే

నెలకు 15,000 చొప్పున మూడేళ్ళకు ఒక్కరికి 5,40,000 రూపాయలు. క్రిమినల్ కేసులు నేర్చుకుంటానని, తన జిల్లా కోర్టులోనే పనిచేస్తానని మాట ఇచ్చే పిల్లవాడికో పిల్లకో ఈ మొత్తం సమకూర్చడం ఊళ్ళకు, పూర్వవిద్యార్థులకు, బార్ అసోసియేషన్లకు, సర్కారుకు కలిస్తే పెద్ద బరువు కాదు. ఒకప్పుడు హాస్టలు కట్టించిన పెద్దలు చేసినది ఇలాంటి పనే.

సర్కారు స్టైపెండ్లు పెంచి, అవి నెలనెలా అందేట్లు చూడాలి. జిల్లా డిఫెన్స్ ఆఫీసుల్లో అసిస్టెంట్ల సంఖ్య పెంచాలి. అప్పుడు చిక్కడపల్లి గ్రంథాలయం గేటు ముందు నిలబడ్డ లా పట్టభద్రుల్లో కొందరైనా నల్లకోటు తిరిగి తొడుక్కుని జిల్లా కోర్టుకు వస్తారు. ఏ ఠాణాలోనో బిక్కుబిక్కుమని కూర్చున్న మన ఊరి మనిషికి వారే దిక్కు.