పైన పటారం, లోన లొటారం

పోయిన వేసవిలో అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో వుంటున్న మా అక్కయ్య కొడుకు యింటికి వెళ్ళాను. వాడు ఆ దేశ పౌరుడు. యింటి కాపలాకు రివాల్వరు కొంటానని పట్టుబట్టాడు. భార్యకు బొత్తిగా యిష్టం లేదు. "మామయ్యా, కొట్టుదాకా తోడు రావూ?" అన్నాడు. సుద్దముక్క తప్ప మరో ఆయుధం పట్టని తెలుగు మేష్టర్ని నేను! అయినా వెళ్ళాను.

బల్లమీద రెండు స్టెయిన్‌లెస్ స్టీలు రివాల్వర్లు పెట్టారు. కొత్తది అద్దంలా మెరుస్తున్నది. వాడినదాని వంటినిండా సన్నని గీతలు, మా అమ్మ పాతికేళ్ళు తోమిన చెంబులాగ! ధర మాత్రం రెండువందల డాలర్లు తక్కువ. మావాడి కళ్ళన్నీ కొత్తదానిమీదే.

యీ ఉక్కు కథ చిత్రమైనది. తుపాకి గొట్టాలు లోపల అరిగిపోకుండా వుండే లోహంకోసం వెతుకుతూ, 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హారీ బ్రియర్లీ క్రోమియం కలిపిన ఉక్కు తయారుచేశాడు. అది ముందు వంటింటి కత్తులలోకి వెళ్ళింది. స్మిత్ అండ్ వెసన్ కంపెనీ యీ ఉక్కుతో మోడల్ 60 అనే రివాల్వరును తెచ్చింది 1965లో. అంతకుముందు రివాల్వర్లకు నీలిపూతో, నికెలు పూతో వుండేది. ఒరలో రాసుకొని నీలం పోయేది, నికెలు పెచ్చులూడేది. స్టెయిన్‌లెస్‌కు పూత లేదు. అందులో క్రోమియం కనీసం నూటికి 10.5 పాళ్ళుంటుంది, గాలి తగిలి పైన సన్నని పొర తనంతట తానే కడుతుంది. గీత పడినా మళ్ళీ కడుతుంది. అందుచేత గీతలను మెత్తగా రుద్ది పోగొట్టవచ్చు. అయితే చెమట, ఉప్పు తుడవకుండా వదిలేస్తే దీనికీ గుంటలు పడతాయి.

"వన్నె కాదు, కీళ్ళు చూడండి" అన్నాడు కొట్టు యజమాని, డెబ్బయ్యేళ్ళ పెద్దమనిషి. గుళ్ళు లేవని రెండుసార్లు చూచి, సుత్తిని మెల్లగా వెనక్కి లాగాడు. గుళ్ళచక్రంలోని ప్రతి గదీ గొట్టానికి సూటిగా వచ్చి బిగుసుకోవాలట. చక్రం ముందువెనుకలకు వదులుగా ఆడరాదు. గొట్టం మొదట్లో పగుళ్ళుండరాదు. మరల గాళ్ళు చితికివుంటే చేతకానివాడెవడో విప్పాడన్నమాట. చెక్కిన అక్షరాల అంచులు కరిగినట్లుంటే అతిగా సానపట్టారన్నమాట, విలువ పోయినట్లే. పాతది అన్నిటికీ నిలిచింది.

కొత్తదాన్ని నేనే చేతిలోకి తీసుకొన్నాను. నల్లబల్లమీద వంకరగీతను పట్టే కన్ను గదా! గొట్టం చివరి గురికాయ కొంచెం పక్కకు వాలివున్నది. మా ఆవిడ స్టీలుగిన్నె అంచును తడిమినట్లు మీట చుట్టూ తడిమితే, వేలికి మర గరుకు తగిలింది. పూచీపత్రం వుంది, పంపితే సరిచేస్తారు. కాని కొత్తదానికి యీ యాతన యెందుకు?

మావాడు పాతదానికే మొగ్గాడు. అప్పుడు పెద్దాయన అడిగాడు: "యింట్లో పిల్లలున్నారా?"

"ఆరేళ్ళ పాప."

"అయితే మిగిలిన రెండువందలూ తాళంపెట్టెకు పెట్టండి. ముందు పెట్టె, తరువాత యిది."

మావాడు చాలాసేపు మాట్లాడలేదు. ఆనాడు యింటికి తెచ్చింది పెట్టె ఒక్కటే. రివాల్వరు సంగతి భార్యతో కూర్చుని తేల్చుకొంటానన్నాడు. నేను తిరుగు ప్రయాణమయ్యే నాటికి ఆ పెట్టె ఖాళీగానే వుంది.