వకీలు ఫీజు: శ్రమకు వేతనమా, ఫలములో పాలా?

కోర్టులో ఓడినవాడు అక్కడనే ఏడ్చును. గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చునని మన పెద్దలు చెప్పుదురు. ఓడినవాని దుఃఖము అందరికిని తెలిసినదే. గెలిచినవాడు ఏల ఏడ్వవలెను? వచ్చిన సొమ్ములో తనకు మిగిలినదెంతయో లెక్క చూచుకొన్నప్పుడు గాని ఆ సామెతలోని అర్థము బోధపడదు.

తెలంగాణ రాష్ట్రము నుండి సుప్రీంకోర్టు వరకు వెళ్లిన ఒక వ్యాజ్యము ఇందుకు దృష్టాంతము. 1998లో ఒక ఇల్లాలి భర్త మోటారు ప్రమాదమున మరణించెను. నష్టపరిహారమునకై ఆమె ఏండ్ల తరబడి పోరాడవలసి వచ్చినది. పరిహారము చేతికి వచ్చిన పిమ్మట న్యాయవాదికి పది లక్షల రూపాయలు ముట్టినవి. అయినను ఆయన 2014లో మరియొక పది లక్షలకు చెక్కు పుచ్చుకొనెను. ఖాతాలో సొమ్ము లేదని మొఱపెట్టుకొన్నను బలవంతముగా వ్రాయించుకొనెనని ఆమె వాదము. వచ్చిన మొత్తములో నూటికి పదునారు వంతున తనకు రావలెనని ఆయన లెక్క. చెక్కు చెల్లలేదు. ఆయన ఆమెపై క్రిమినల్ కేసు దాఖలు చేసెను. భర్తను పోగొట్టుకొని న్యాయమునకై కోర్టు మెట్లెక్కిన స్త్రీ, తన వకీలు చేతనే ముద్దాయిగా నిలువవలసి వచ్చినది!

హైకోర్టులో ఆమెకు ఊరట లభింపలేదు. కాని 2017 డిసెంబరు 5వ తేదీన సుప్రీంకోర్టు ఆ కేసును కొట్టివేసినది. ఫలములో ఇన్ని వంతులని ఫీజు నిర్ణయించుకొనుట ప్రజాహితమునకు విరుద్ధమనియు, 1872 నాటి కాంట్రాక్టు చట్టములోని 23వ సెక్షను ప్రకారము అట్టి ఒడంబడిక చెల్లదనియు తీర్పు చెప్పినది. చెక్కుపై సంతకము చేసినంత మాత్రమున, ఆ బాకీని కాదనుటకు కక్షిదారునకు హక్కు పోదనియు స్పష్టపరచినది.

ఇది క్రొత్త మాట కాదు. రాబట్టిన సొమ్ములో పాలు పుచ్చుకొనుటకు ఒప్పందము చేసికొన్న ఒక సీనియర్ అడ్వొకేటు వృత్తిధర్మము తప్పినాడని 1954లోనే సుప్రీంకోర్టు నిర్ణయించినది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమములలో 20వ నియమము కూడ దీనినే నిషేధించుచున్నది. కారణము సులభముగనే ఊహింపవచ్చును. ఫలములో వాటా కలవాడు సలహాదారుగా ఉండజాలడు. తానును ఒక కక్షిదారుడగును. రాజీపడుట మేలా, పోరాడుట మేలా అని చెప్పవలసిన నోరు తన వాటాను తలచుకొని పలుకును.

న్యాయవాదియు తన విద్యను, శ్రమను నమ్ముకొని జీవించువాడే. తగిన వేతనము ఆయన హక్కు. అయితే అది ముందుగా తెలిసినదై యుండవలెను. కక్షిదారుని సొమ్మునకు లెక్కలు వ్రాయవలెననియు, ఫీజును, ఖర్చులను వేరువేరుగా చూపవలెననియు, అడిగినప్పుడు ఆ లెక్క నకలు ఇవ్వవలెననియు నియమములు చెప్పుచున్నవి. ఫీజు బాకీ ఉన్నదని కక్షిదారుని కాగితములను తాకట్టువలె పట్టి ఉంచరాదని 2000లో సుప్రీంకోర్టు తేల్చినది. బాకీ నిజమైనచో దానికి వేరుగా దావా వేసికొనవచ్చును.

అన్యాయము జరిగినదని తోచినవారు ఎచటికి పోవలెను? న్యాయవాదుల సేవ వినియోగదారుల రక్షణ చట్టము క్రిందికి రాదని 2024 మే 14న సుప్రీంకోర్టు చెప్పుటచే ఆ త్రోవ మూసికొన్నది. రాష్ట్ర బార్ కౌన్సిల్ ద్వారము మాత్రము తెరచియే యున్నది. 1961 నాటి అడ్వొకేట్ల చట్టము, 35వ సెక్షను క్రింద ఫిర్యాదును విచారించి, దోషము రుజువైనచో మందలించుటకు, కొంతకాలము వృత్తినుండి తొలగించుటకు, పట్టికనుండి పేరునే కొట్టివేయుటకు అధికారము కలదు.

అసలు ఫీజు ఇచ్చుకొనలేనివారి కొఱకు 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టము ఉచిత సహాయమును ఏర్పరచినది. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులముల, తెగలవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ అది లభించును. పై కథలోని ఇల్లాలికిని ఆ అర్హత కలదు. ఈ సంగతి ఎఱిగిన ఇల్లాండ్రు మన పల్లెలలో ఎందరు?

వకాల్తాపై సంతకము చేయుటకు ముందు ఫీజెంతయో అడిగి వ్రాయించుకొనుట, ఇచ్చిన ప్రతి రూపాయికి రసీదు పుచ్చుకొనుట, ఖాళీ చెక్కుపై సంతకము చేయకుండుట—ఇవి బడిలో కూడికలు, తీసివేతలు నేర్చిన పిల్లవాడును తన తల్లిదండ్రులకు చెప్పగల పాఠములు. ఆ పాఠము ఇంటింటికి చేరిననాడు, గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్వవలసిన పని యుండదు.