‘నిఘా’ – ఒక మాట, రెండు చూపులు

మనము నిత్యము పత్రికలలో చదివెడి ‘నిఘా’ అచ్చ తెలుగు మాట కాదు. పారసీకములోని ‘నిగాహ్’ ఉర్దూ ద్వారా వచ్చి తెలుగున ‘నిఘా’ అయినది. మూలమున దాని అర్థము చూపు మాత్రమే. ఉర్దూ గజళ్లలో ప్రేయసి చూపునకును ఇదే మాట. కనిపెట్టి ఉండుటకు ఉర్దూలో ‘నిగరానీ’ అను వేరొక పదమున్నది. తెలుగులో ఆ భారమంతయు ‘నిఘా’ మీదనే పడినది.

ఆంగ్లేయుల ‘సర్వైలెన్స్’ ఫ్రెంచి మాట. ‘సుర్’ అనగా పైన. ‘వెయ్యే’ అనగా మేలుకొని కాచుట. 1793లో విప్లవ ప్రభుత్వము పరదేశీయులను, అనుమానితులను కనిపెట్టుటకు నిఘా సంఘములను నెలకొల్పినది. కాపలా మాటకు అనుమానపు నీడ అట్లు సోకినది.

మన కోనసీమకు నిఘా ప్రాణాధారము కూడ. ధవళేశ్వరము వద్ద గోదావరి నీటిమట్టము 11.75 అడుగులకు చేరగా మొదటి, 13.75కు రెండవ, 17.75కు మూడవ ప్రమాద హెచ్చరిక చేయుదురు. ఆ మెలకువయే లంక గ్రామములకు రక్ష.

నదిని కాచుట వేరు. మనిషి గడపలోనికి తొంగిచూచుట వేరు. పోలీసులు రాత్రివేళ అనుమానితుని ఇంటికి పోయి తనిఖీ చేయుట చెల్లదని 1962లో ఖరక్ సింగ్ కేసున సుప్రీంకోర్టు చెప్పినది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తేల్చినది.

కావున విద్యార్థులారా, నిఘా అను మాట వినినపుడు ఆ చూపు ఎవరిది, ఎవరి మేలుకొరకు, ఏ చట్టము మేరకు అని విచారించుట మన విధియని మేము తలచుచున్నాము.